మీట నొక్కిన చెయ్యి

తెలుగు వాక్యం కర్త లేకుండా కూడా సాఫీగా నడుస్తుంది. వ్యాకరణ పాఠంలో ఈ సంగతి చూపించటానికి నేను రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తుంటాను. "కరెంటు పోయింది." "కరెంటు తీసేశారు." మొదటి వాక్యంలో మనుషులెవరూ లేరు. వాన వెలిసినట్టు, పొద్దు గుంకినట్టు కరెంటు తనంతట తానే పోయింది. రెండో వాక్యంలో కూడా కర్త పేరు లేదు గాని, క్రియ చివర నిలబడ్డ బహువచనం అతన్ని పట్టి ఇస్తున్నది. ఎవరో ఉన్నారు, వారు తీశారు. కనక "ఎందుకు తీశారు?" అని అడగటానికి వీలుంది. పోయినదాన్ని ఎందుకు పోయావని ఎవరూ నిలదియ్యరు.

దూరాన కూర్చుని మీట నొక్కి పని జరిపించే యంత్రాలు పెరిగినకొద్దీ మన చుట్టూ రెండో రకం వాక్యాలు మొదటి రకం వాక్యాలుగా మారిపోతున్నాయని నా అనుమానం. ఇది ఒట్టి భాషా విషయం కాదు. కంటికి కనిపించనివాడు చేసిన పనికి బాధ్యత ఎవరిది అనే పాత నైతిక ప్రశ్నే ఇది. యంత్రం దాన్ని పెద్దది చేసింది.

'రిమోట్' అనే మాట మన భాషలో ఇంటి వస్తువుగా వచ్చి రాజకీయ పదంగా స్థిరపడింది. 1995లో మహారాష్ట్రలో ఏర్పడిన ప్రభుత్వానికి రిమోట్ కంట్రోల్ తన చేతిలో ఉన్నదని బాల్ ఠాక్రే బహిరంగంగానే చెప్పుకున్నారు. అప్పటినుంచీ ఏ ముఖ్యమంత్రి గద్దె ఎక్కినా, రిమోట్ ఎవరి చేతిలో ఉందని మన పత్రికలు అడుగుతూనే ఉన్నాయి. పూర్వం ఈ అర్థానికి మనం తోలుబొమ్మలాటను వాడుకునేవాళ్ళం. కాని ఆ రెండు ఉపమానాలకూ చాలా తేడా ఉంది. తోలుబొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉన్నా అతని గొంతు ఊరంతటికీ తెలుసు. బొమ్మ తప్పు మాట్లాడితే తిట్లు అతనికే. తెల్లవారితే గింజలకోసం మన గుమ్మంలోకే రావాలి. రిమోట్ పట్టుకున్నవాడికి అలాటి తెల్లవారటం లేదు.

చరిత్రలోకి వెళదాం. 1898లో న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక నీళ్ళతొట్టిలో చిన్న ఇనప పడవను వదిలాడు. తీగ లేదు, తాడు లేదు. అతను దూరాన నిలబడి మీట తిప్పితే పడవ తిరిగింది, ఆగింది, దీపాలు వెలిగించింది. చూసినవాళ్ళు ఇంద్రజాలమన్నారు, లోపల తర్ఫీదు ఇచ్చిన కోతి ఉందన్నవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళయితే చేతబడి అనేవారు. అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది ఒక చిన్న తమాషా. ప్రేక్షకులు పడవనే ప్రశ్నలు అడగవచ్చునన్నాడు టెస్లా. 64కు ఘనమూలం ఎంత అని అడిగితే పడవ మీద దీపాలు నాలుగుసార్లు వెలిగాయి. జనం పడవ జవాబు చెప్పిందనుకున్నారు. జవాబు చెప్పింది టెస్లాయే. దూరనియంత్రణ పుట్టిన తొట్టిలోనే ఈ మోసం కూడా పుట్టింది: ఆదేశమూ యజమానిదే, యంత్రం పలికినట్టు కనిపించిన జవాబూ యజమానిదే.

1898 నవంబరు 8న అతనికి 613,809 నంబరు పేటెంటు లభించింది. ఆ పత్రంలోనే తన కల్పనకు అసలైన విలువ యుద్ధరంగంలో ఉంటుందనీ, దాని విధ్వంసశక్తికి భయపడి దేశాలు శాంతిగా ఉంటాయనీ రాశాడు. తర్వాతి చరిత్ర మరో రకంగా నడిచింది. 1943 సెప్టెంబరు 8న ఇటలీ లొంగిపోయినట్టు ప్రకటన వెలువడింది. మర్నాడే జర్మన్లు నిన్నటి మిత్రుల యుద్ధనౌక 'రోమా' మీద 'ఫ్రిట్స్ ఎక్స్' అనే బాంబులు వేశారు. విమానంలో కూర్చున్నవాడు బాంబు తోకకు కట్టిన మంటను చూస్తూ, చేతిలోని చిన్న కర్రతో, రేడియో ద్వారా దాన్ని ఓడ మీదికి నడిపించాడు. వెయ్యిమందికి పైగా నావికులు చనిపోయారు. విధ్వంసం శాంతిని తెస్తుందన్న వాదం అంతటితో చచ్చిపోలేదు. అణుబాంబు దగ్గర మళ్ళీ బతికింది. దాన్ని ఇక్కడ చర్చించను.

దూరం మనిషి మనస్సాక్షిని ఏం చేస్తుందన్న ప్రశ్న టెస్లా కంటె పాతది. బాల్జాక్ 1835నాటి నవల 'పేర్ గోరియో'లో రాస్తిన్యాక్ అనే పేద విద్యార్థి తన స్నేహితుణ్ణి ఒక చిక్కు ప్రశ్న అడుగుతాడు. పారిస్ వదలకుండా, కేవలం సంకల్పంతో, చైనాలో ఎక్కడో ఉన్న ఒక ముసలి అధికారిని చంపి ధనవంతుడివి కాగలిగితే నువ్వేం చేస్తావు? వైద్యవిద్యార్థి బియాన్షోన్ మొదట తాను అప్పుడే ముప్పైమూడో చైనావాడి దగ్గరికి వచ్చానని వేళాకోళమాడతాడు. చివరికి ఆ ముసలివాణ్ణి బతకనియ్యమంటాడు. బాల్జాక్ ఈ ప్రశ్నను రూసోకు అంటగట్టాడు గాని, దాని ఛాయ 1802లోనే షాతోబ్రియాఁ రచనలో ఉంది. అది అలా ఉంచి, చంపవలసినవాడు చైనావాడే ఎందుకయ్యాడన్నది ఆలోచించవలసిన విషయం. ఆ నవల వచ్చిన నాలుగేళ్ళకు, 1839లో, నల్లమందు వ్యాపారంకోసం బ్రిటిష్ ఓడలు చైనా తీరం మీద ఫిరంగులు పేల్చాయి. లండన్‌లో ఇంటి దగ్గరే కూర్చుని ఆ వ్యాపారం లాభాలు తిన్నవాళ్ళు ఏ మీటా నొక్కనక్కరలేకపోయింది. వాటాలు కొంటే చాలింది.

ఈ కథనుంచి సాధారణంగా తీసే నీతి ఒకటుంది. కంటికి దూరమైనవాడు మనసుకూ దూరమౌతాడు, కనక దూరాన ఉన్నవాణ్ణి చంపటం సులభం, కనక చూపు దగ్గరైతే జాలి కలుగుతుంది. నాకు ఈ వాదం చాలదనిపిస్తుంది. డ్రోన్‌ను నడిపేవాడు తన లక్ష్యాన్ని ఏ ఫిరంగివాడూ చూడనంత దగ్గరగా, గంటల తరబడి చూస్తాడు. 2010 ఫిబ్రవరి 21న ఆఫ్ఘనిస్తాన్‌లోని ఉరుజ్గాన్‌లో మూడు వాహనాల్లో ప్రయాణిస్తున్న జనాన్ని అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో కూర్చున్న సిబ్బంది తెర మీద కొన్ని గంటలు చూశారు. వాళ్ళ సంభాషణ తర్వాత బయటపడింది. వాహనాల్లో పిల్లలున్నారేమో అన్న హెచ్చరిక వచ్చింది. దాన్ని తేల్చెయ్యటానికి వాళ్ళు తొందరపడ్డారు. వాళ్ళు ఇచ్చిన సమాచారం మీద హెలికాప్టర్లు క్షిపణులు పేల్చాయి. ఆఫ్ఘన్ల లెక్క ప్రకారం 23 మంది మామూలు జనం చనిపోయారు. అందులో ఆడవాళ్ళున్నారని పేల్చిన తర్వాత తెలిసింది. ఇక్కడ చూపుకు లోటు లేదు. చూస్తున్నవాళ్ళకు మనసు లేదనటం కూడా తేలిక మాట. డ్రోన్ నడిపేవారిలో మానసిక రుగ్మతలు విమానం ఎక్కి యుద్ధం చేసేవారిలో ఉన్నంతగానే ఉన్నాయని అమెరికా సైన్యం 2013లో జరిపిన పరిశీలన చెప్పింది.

మరి లోపించింది ఏమిటి? చూడబడుతున్నవాడికి నోరు లేదు. ఆ వాహనాల్లోని మనిషి "మేం పెళ్ళాం పిల్లలతో పోతున్నాం" అని ఒక్క మాట అనగలిగితే అంతా మారిపోయేది. అనటానికి దారి లేదు. యంత్రంలో ఆ దారి పెట్టలేదు.

మన భాషలో బాధ్యతకు మరో మాట 'జవాబుదారీ'. ఈ మాటను మనం రోజూ వాడుతూ దాని కడుపులో ఉన్న జవాబును మరిచిపోతున్నాం. జవాబుదారీ అంటే ఎదుటివాడు అడగగలగాలి, ఇటువాడు చెప్పవలసిరావాలి. చూపుతో జాలి కలగవచ్చు, కలగకపోవచ్చు. అది చూసేవాడి దయ. జవాబు అతని దయ మీద ఆధారపడకూడదు. అందుకే దూరం ఎన్ని మైళ్ళని కాదు మనం కొలవవలసింది. పోయిన ఆదేశం వెనక తిరిగి వచ్చే దారి ఉందా, ఆ దారిలో ఎవరి మాట నడుస్తుంది అన్నదే కొలత.

ఉరుజ్గాన్ విచారణ కొందరు అధికారులకు మందలింపులతో ముగిసింది. నడిపేవాడు తాను నిర్ణయం తీసుకోలేదంటాడు. నిర్ణయం తీసుకున్నవాడు తాను చూడలేదంటాడు. పేల్చినవాడు తనకు చెప్పింది చేశానంటాడు. అందరూ నిమిత్తమాత్రులే. గీతలో ఈ మాట అర్జునుడికి చెప్పినప్పుడు దాని బరువు మొయ్యటానికి కనీసం కృష్ణుడు ఎదురుగా ఉన్నాడు. అర్జునుడు ఇరు సేనల మధ్య నిలబడి ఎదుటివాళ్ళను వరసలు పెట్టి గుర్తుపట్టిన తర్వాతనే ఆ ప్రసక్తి వచ్చింది. ఇక్కడ నిమిత్తమాత్రులు వరసగా ఉన్నారు గాని వరస చివర ఎవరూ లేరు.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో డ్రోన్ దాడికి ఒకే కుటుంబానికి చెందిన పదిమంది చనిపోయారు. వారిలో ఏడుగురు పిల్లలు. న్యాయమైన దాడి అని ముందు సైన్యాధికారి ప్రకటించాడు. సెప్టెంబరు 17న పొరపాటని ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారు? విలేకరులు కాళ్ళతో నడిచి ఆ ఇంటికి వెళ్ళారు గనక. ఇరుగుపొరుగుతో మాట్లాడారు గనక. జవాబు వచ్చింది గాని ఆ యంత్రం గుండా రాలేదు. ఆ డిసెంబరులో ఎవరికీ శిక్ష అక్కరలేదని తేల్చారు.

ఇంతవరకు చదివి, ఇతను యంత్రాలకు విరోధి అని మిత్రులు అనుకోవచ్చు. నేను కాను. దూరం చాలాచోట్ల దయ. 1972లో ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ సైన్యం బాంబుల దగ్గరికి మనిషికి బదులు 'వీల్‌బారో' అనే చక్రాల యంత్రాన్ని పంపటం మొదలుపెట్టింది. ఆ సైన్యం అక్కడ చేసిన పనులన్నీ మనం మెచ్చుకోనక్కరలేదు. బాంబు విప్పేవాడి చేతులు మిగలటం మంచిదే. 1970 నవంబరు 17న చంద్రుడి మీద దిగిన సోవియట్ 'లునోఖోద్'ను క్రిమియాలో కూర్చున్న సారథులు పది నెలలకు పైగా నడిపారు. మాట పోయి రావటానికి రెండున్నర క్షణాలు పట్టేది. బొమ్మలు ఒక్కొక్కటే ఆగి ఆగి వచ్చేవి. కాస్త నడపటం, ఆగటం, చూడటం, మళ్ళీ నడపటం. పది కిలోమీటర్ల చిల్లర దూరం ఆ ఓపికతో నడిచింది. అక్కడ ఉన్నవి రాళ్ళు. వాటిని ఏమీ అడగనక్కరలేదు. అయినా వాళ్ళు ప్రతి అడుగుకూ కబురుకోసం ఆగారు.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్స్ 1940ల చివర అణుధార్మిక పదార్థాలను గోడకు ఇవతలనుంచి పట్టుకునే యంత్రపు చేతులు తయారుచేశాడు. ఇవతలి చేతిని 'యజమాని' అనీ అవతలిదాన్ని 'బానిస' అనీ పేరు పెట్టారు. ఇంజనీర్లు ఆ మాటల్ని ఏ జంకూ లేకుండా దశాబ్దాల తరబడి వాడారు. పేరు అసహ్యంగా ఉన్నా పనితనం గొప్పది. బానిస చేతికి తగిలిన బరువు, గట్టిదనం యజమాని చేతికి తెలిసేలా కట్టాడు. పెళుసు వస్తువును పట్టుకుంటే పట్టు బిగిసిన సంగతి ఇటువైపు వేళ్ళకు తెలుస్తుంది. నిజమైన యజమానులకు ఇలాటి చెయ్యి ఎవరూ అమర్చలేదు.

2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అనే శస్త్రవైద్యుడు న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఉన్న 68 ఏళ్ళ స్త్రీకి పిత్తాశయం తీసేశాడు. ఆమె ఒప్పుకున్న తర్వాతనే అది జరిగింది; ఆమె మంచం పక్కన వేరే వైద్యులు చేతులు సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా నెల తర్వాత, అక్టోబరు 7న, అమెరికా గడ్డ మీద కూర్చున్నవాళ్ళు ఆఫ్ఘనిస్తాన్ ఆకాశంలోని ప్రిడేటర్ డ్రోన్‌నుంచి యుద్ధంలో మొదటి క్షిపణి పేల్చారు. రెండు చేతులూ అట్లాంటిక్ దాటినవే.

ఇక్కడ మన వాళ్ళు వెంటనే ఒక సమాధానం చెబుతారు: యంత్రానిది తప్పు కాదు, అది ఎవరి సొత్తో వారిది. సగం నిజం. ఏ యంత్రమైనా ఎవరి ఖర్చుతో, ఎవరికోసం తయారైందో దాని నిర్మాణంలోనే కనిపిస్తుంది. ఏ దారి పెట్టారు, ఏ దారి పెట్టలేదు అన్నది తర్వాత యజమాని మారితే తనంతట తాను మారదు. ఆస్తి మార్పుతోనే అంతా సరిపోతుందంటే చెర్నోబిల్ ఒప్పుకోదు. 1986లో అక్కడ పైకప్పు మీద పడ్డ అణుధార్మిక శిథిలాలను తొయ్యటానికి దూరనియంత్రిత యంత్రాలను పంపారు. లునోఖోద్‌ను చేసినవాళ్ళు తయారుచేసిన యంత్రం కూడా అందులో ఉంది. ఆ ధార్మికతకు యంత్రాలు ఆగిపోయాయి. అప్పుడు వేలమంది మనుషులను వంతులవారీగా, ఒక్కొక్కరిని కొద్ది క్షణాలపాటు, పారలతో పైకి పంపారు. వాళ్ళకు పెట్టిన పేరు 'జీవరోబోలు'. గంట మోగితే పైకి, మోగితే కిందికి. యంత్రం చెయ్యలేనిదాన్ని మనిషి చేశాడు, కాని యంత్రం పేరుతో చేశాడు. సోషలిజం పేరు చెప్పుకున్న రాజ్యంలో ఇది జరిగిందని మనం దాచనక్కరలేదు.

మన దేశంలో దూరం ఎవరికి దక్కుతున్నదో మురుగుకాలువ దగ్గర చూడవచ్చు. మనుషులచేత పాకీపని చేయించటాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మ్యాన్‌హోల్ శుభ్రంచేసే 'బాండికూట్' అనే యంత్రాన్ని కేరళ కుర్రాళ్ళు తయారుచేస్తే 2018లో తిరువనంతపురంలో దించారు. పైన నిలబడి, లోపల ఏముందో తెర మీద చూస్తూ దాన్ని నడపవచ్చు. అంటే విషవాయువునుంచి మనిషిని దూరంగా పెట్టే విద్య మన దగ్గరే ఉంది. అయినా చట్టం వచ్చిన తర్వాత కూడా నగరాల్లో మనుషులు మ్యాన్‌హోళ్ళలో దిగి చనిపోతూనే ఉన్నారు, వాళ్ళు ఏ కులాలవారో చెప్పనక్కరలేదు. టెలివిజన్ చానల్ మార్చటానికి కుర్చీలోంచి లేవనక్కరలేని సౌకర్యం అమెరికా వాడికి 1950లోనే దొరికింది. మురుగులో దిగనక్కరలేని సౌకర్యం ఇంకా అందరికీ అందలేదు.

ఆ టెలివిజన్ సంగతి కూడా ఒక్క మాట. జెనిత్ కంపెనీ అధిపతి మెక్డానల్డ్‌కు ప్రకటనలంటే చిరాకు. వాటి నోరు మూయించటానికి ఒక సాధనం కావాలన్నాడు. అలా 1955లో వెలుతురు పిస్తోలు లాటి రిమోట్ వచ్చింది. చూసేవాడి చేతికి వచ్చిన అధికారం అన్నమాట. 2017కు వచ్చేసరికి అమెరికాలో విజియో కంపెనీ, తన టెలివిజన్లు ఇంట్లోవాళ్ళు ఏం చూస్తున్నారో వాళ్ళ అనుమతి లేకుండా కంపెనీకి చేరవేశాయన్న ఆరోపణ మీద 22 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. తిరుగుదారి కట్టటం కష్టమని ఇక ఎవరూ అనలేరు. లాభం ఉన్నచోట అది మనకు తెలియకుండానే కట్టి ఉంటుంది.

ఇప్పుడు కరెంటుకు వస్తాను. 2021లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యం. అంతకుముందే, 2020లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టి వ్యవసాయ పంపులకు మీటర్లు పెట్టే పని చేపట్టింది, రైతుసంఘాలు ఎదిరించాయి. ఆ వాదాల్లో ధర గురించి, ప్రైవేటీకరణ గురించి చాలా చెప్పారు. నేను అడిగేది వేరు. ఈ మీటరులో ఒక మీట ఉంది. దాన్ని నొక్కే చెయ్యి ఇంటి దగ్గర ఉండదు. డబ్బు అయిపోతే ఎక్కడో ఉన్న కంప్యూటరునుంచి ఆదేశం వస్తుంది, దీపం ఆరిపోతుంది.

పాత పద్ధతిలో లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేవాడు. అతన్ని నేను దేవుణ్ణి చెయ్యటం లేదు. చెయ్యి తడిపితే ఒకలాగా, తడపకపోతే ఒకలాగా ఉండేవాడు; మేడల ముందు ఒదిగి, వాడల్లో గద్దించేవాడు. కాని అతను గుమ్మంలోకి రావాలి. మంచం మీద ముసలామెను చూడాలి. "రేపు కూలి డబ్బులొస్తాయి నాయనా, పిల్లకు పరీక్షలు" అంటే వినో వినకో ఏదో ఒకటి చెప్పాలి. వినకుండా పీకేసినా, ఫలానావాడు పీకేశాడని వీధి వీధంతా చెప్పుకునేది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను కూడా బాకీపడ్డవాడికి పదిహేను రోజులకు తగ్గకుండా రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి గాని సరఫరా ఆపకూడదంటుంది. ఆ పదిహేను రోజులూ దయాభిక్ష కాదు. జవాబుకోసం చట్టం కేటాయించిన కాలం. ముందే డబ్బు కట్టించుకునే మీటరులో బాకీయే లేదు గనక నోటీసు అక్కరలేదంటే ఆ కాలం ఎక్కడికి పోయినట్టు?

ఈ మీటరు ఎన్ని యూనిట్లు కాలాయో రోజుకు ఎన్నోసార్లు ఆఫీసుకు చెబుతుంది. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడని చెప్పదు. పొలంలో బావి మోటారును ఫోనుతో ఆడించే స్టార్టరు వచ్చినప్పుడు రైతులు సంతోషించారు, సంతోషించవలసిందే. రాత్రిపూట ఇచ్చే కరెంటుకోసం చీకట్లో వెళ్ళి పాము కరిచి, షాకు కొట్టి చనిపోయినవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో. అక్కడ మీట నొక్కేవాడూ నష్టపోయేవాడూ ఒకడే. అదే స్టార్టరును పట్నంలో ఉన్న ఆసామి నొక్కితే, ఆ సమయానికి నీళ్ళలో నిలబడి వైరు సరిచేస్తున్న జీతగాడి సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి? ఆ పెట్టెలో జీతగాడు నొక్కి ఆపగల మీట కూడా ఉండాలి, అతను ఆపితే ఆసామి మళ్ళీ తిప్పలేకుండా ఉండాలి. ఇది ఇంజనీర్లకు తెలియని విద్య కాదు. ఫ్యాక్టరీలలో మరమ్మత్తు చేసేవాడు మీటకు తాళం వేసి తాళంచెవి తన జేబులో పెట్టుకునే ఆచారం ఉంది.

2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా జనం హైదరాబాదులో అసెంబ్లీవైపు నడిచారు. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ రోజు జనానికి ఎక్కడికి నడవాలో తెలుసు. ఇవాళ డబ్బు సున్నా అయిన ఇల్లు ఎవరి గుమ్మానికి నడవాలి? మన సంఘాలు మీటర్ల మీద ఇచ్చే వినతిపత్రాల్లో ధరతోపాటు ఈ మూడూ చేర్చాలని నా సూచన. కరెంటు ఆపే ప్రతి ఆదేశం మీదా ఒక అధికారి పేరు ఉండాలి. ఆ పేరుగల మనిషి ఎత్తే ఫోను ఒకటి ఉండాలి. ప్రీపెయిడ్ అయినా సరే, పదిహేను రోజుల నోటీసు ఉండాలి.